పక్క సీటు బ్రేకు

బయలుదేరండి అంది. క్లచ్చు తొక్కాను, గేరు వేశాను, మధ్య అద్దం, పక్క అద్దం, భుజం మీదుగా వెనక్కి ఒక చూపు, హ్యాండ్ బ్రేకు దించాను. దించాను అంటున్నానే గానీ నేను చేసిందేమీ లేదు, చేతులూ కాళ్ళూ వాటి పని అవి చేసుకున్నాయి, నేను ఊరికే చూస్తూ కూర్చున్నాను. కూర్చున్న చోటే తేడాగా ఉంది. ఇరవై ఏడేళ్ళుగా నా సీటు ఇది కాదు, ఆ పక్కది. డ్రైవింగ్ నేర్పేవాడి సీటు. ఇవాళ అందులో ఈవిడ కూర్చుంది, ఒళ్ళో అట్టకి బిగించిన కాగితం, చేతిలో పెన్ను, మొహంలో ఏ భావమూ లేదు, పరీక్ష పెట్టేవాళ్ళకి ఆ మొహం లైసెన్సు ఆఫీసువాళ్ళే ఇస్తారేమో. ఆవిడ కాళ్ళ దగ్గర ఇంకో బ్రేకు ఉంది. ఇక్కణ్ణించి నాకు కనబడదు గానీ ఎక్కడుందో, ఎంత నొక్కితే ఎంత పట్టుకుంటుందో నాకు తెలిసినంతగా ఆవిడకి కూడా తెలియదు. నేర్పే కారుకీ పరీక్ష కారుకీ మాత్రమే ఉండే బ్రేకు అది. ఈ నలభై నిమిషాల్లో ఆవిడ కాలు దాని మీద ఒక్కసారి పడిందా, నా పని అయిపోయినట్టే. జబ్బు చేసి లేచినవాళ్ళకి ఇచ్చే అవకాశం ఒకటే, కుర్రకారుకి ఇచ్చినట్టు నెల నెలా ఇవ్వరు. లైసెన్సు పోతే నేర్పే అర్హత కూడా పోతుంది, అది పోతే ఐదు నెలలుగా ఇంటి ముందు దుమ్ము కొట్టుకుంటున్న నా కారు నెత్తిన ఉన్న బోర్డు ఊడదీస్తారు, ఆ తర్వాత నన్ను మాస్టారూ అని ఎవరు పిలుస్తారు, ఎందుకు పిలుస్తారు. గేటు దాటేటప్పుడు అద్దంలో మా ఆవిడ కనబడింది, ఆఫీసు బయట బెంచీ మీద, ఒళ్ళో ఫ్లాస్కు పెట్టుకుని. చెయ్యి ఊపుతుందేమో అనుకున్నాను, ఊపలేదు. నా దృష్టి చెదురుతుందని ఊపలేదు, అంత జాగ్రత్త మనిషి. అది చూసి నాకు ఒళ్ళు మండింది.

మొదటి మలుపులో కుడికి తిరగండి అంది. అండి. పన్నెండేళ్ళ కిందట ఈవిడని నేను నువ్వు అనేవాణ్ణి, ఆ మాటకొస్తే నత్తమ్మా అనేవాణ్ణి, నా కారుని ఆవిడ నడిపిన వేగానికి ఆ పేరు నేనే పెట్టాను. మిగతావాళ్ళకి పాతిక క్లాసులు చాలేవి, ఈవిడకి నలభై ఒకటి పట్టాయి, స్టీరింగు చూస్తే గేరు మర్చిపోయేది, గేరు చూస్తే రోడ్డు మర్చిపోయేది, మూడూ గుర్తుంచుకున్న రోజున ఊపిరి తీయడం మర్చిపోయేది. నా తల ప్రాణం తోకకొచ్చింది. అలాంటి మనిషి పరీక్షలు రాసి రాసి ఈ ఆఫీసులో చేరి నాకే పరీక్ష పెడుతోంది. పొద్దున నన్ను చూడగానే లేచి నిలబడి, మాస్టారూ, మీకు ఇబ్బందిగా ఉంటే ఇంకో ఆఫీసర్ని అడుగుతాను అంది. ఇబ్బందేముందమ్మా, ఎవరైనా ఒకటే అన్నాను. ఒకటే కాదు. ముక్కూ మొహం తెలియని వాడి ముందు ఓడిపోవచ్చు, నత్తమ్మ ముందు ఓడిపోవడం కుదరదు. ఇండికేటరు వేశాను, అద్దం, భుజం, తిరిగాను. కాగితం మీద పెన్ను కదిలింది. ఏం రాసుంటుంది, తిరగడంలో తప్పేముంది, ఒకవేళ తప్పు లేదనే రాసుంటుందా, తప్పు లేదని రాయడానికి అంతసేపు ఎందుకు. మెడ తిప్పి కాగితంలోకి చూడాలనిపించింది. నా శిష్యులందరూ ఇదే చేసేవాళ్ళు, నేనేం రాసుకుంటున్నానా అని తొంగి చూసేవాళ్ళు, నేనేమో చాకలి పద్దు రాసుకుంటున్నాను, నువ్వు రోడ్డు చూడు అనేవాణ్ణి.

కొత్తగా వచ్చినవాళ్ళకి మొదటి వారం సొంత పేరు అడిగినా నోరు పెగలదు. చేతికి ఒక పని, రెండు కాళ్ళకి రెండు పనులు, కళ్ళకి మూడు అద్దాలు, అష్టావధానమే అది, వాళ్ళ దగ్గర మాటకి చోటే మిగలదు. రోజూ నడిపి, నడిపి, ఒక్కో పనీ లోపలికి ఇంకిపోతుంది, మొదట గేరు, ఆ తర్వాత క్లచ్చు, అన్నిటికంటే చివర అద్దం. ఎంత ఇంకిందో కనుక్కోవడానికి నా దగ్గర ఒక ప్రశ్న ఉండేది. ఊళ్ళోకెల్లా గజిబిజిగా ఉండే కూడలికి తీసుకెళ్ళి, సరిగ్గా బండి మధ్యలో ఉన్నప్పుడు, పొద్దున ఏం తిన్నారు అని అడిగేవాణ్ణి. బండి తడబడకుండా, ఆలోచించకుండా, రొట్టె తిన్నానండీ, గుడ్డు తిన్నానండీ అని చెప్పారా, పరీక్షకి పంపేసేవాణ్ణి. చెప్పలేకపోయారా, ఇంకో వారం. ఒకాయన డాక్టరు, పెద్ద డాక్టరు, మూడు నెలల పాటు తను పొద్దున ఏం తిన్నాడో చెప్పలేకపోయాడు. నత్తమ్మ నలభై ఒకటో క్లాసులో చెప్పింది. ఏమీ తినలేదు మాస్టారూ, భయంతో తినబుద్ధి కాలేదు అంది, చేతులు మాత్రం చక్కగా తిప్పాయి. నేను బాగుందని అనలేదు. ఎవరితోనూ అనలేదు, అంటే పొగరెక్కుతుందని, పొగరెక్కితే అద్దం చూడరని. పోయి దరఖాస్తు పెట్టుకో అన్నాను, అంతే.

ముందున్న సిగ్నల్ దగ్గర ఎడమకి. ఎర్రలైటు పడింది, ఆగాను, స్టాప్ గీతకి జానెడు వెనక, కొలిచి చూసుకోమనండి. ఎడమ అరచేతిలో చీమలు పాకుతున్నాయి. ఐదు నెలలుగా ఉన్నవే, ఇవాళ కాస్త ఎక్కువ. ఆ రోజు పొద్దున బూటు లేసు కట్టుకుంటున్నాను, ముడి సగంలో ఉండగా ముడి ఎలా వేస్తారో తెలియకుండా పోయింది, వేళ్ళు ఎవరివో అన్నట్టు చూస్తూ కూర్చున్నాను, మా ఆవిడ ఏమైందండీ అంటే మాట ముద్దగా వచ్చింది. తలలో ఒక చిన్న నాళం మూసుకుంది అన్నారు. అదృష్టం, తొందరగా తీసుకొచ్చారు అన్నారు. నడక వచ్చింది, మాట వచ్చింది, చెయ్యి వచ్చింది. మరి రానిదేమిటో ఆస్పత్రిలో వ్యాయామం చేయించే అమ్మాయి కనిపెట్టింది, మా మనవరాలయ్యే వయసు, అంకుల్ అంటుంది, పొడుగు వరండాలో నేల మీద పసుపు పట్టీలు అంటించి వాటి మీద నడవమంది. నడిచాను. శభాష్ అంకుల్, ఇప్పుడు నడుస్తూ నూరులోంచి ఏడేడు తీసేస్తూ పైకి చెప్పండి అంది. తొంభై మూడు, ఎనభై ఆరు, అంతే, కాళ్ళు ఆగిపోయాయి. డెబ్భై తొమ్మిది అన్నాక మళ్ళీ కదిలాయి. కాళ్ళు కదిలితే అంకె రాదు, అంకె వస్తే కాళ్ళు కదలవు. ఒకేసారి రెండు పనులు చేయడం ఊళ్ళో వేలమందికి నేర్పినవాణ్ణి నేను. ఫరవాలేదు అంకుల్, ప్రాక్టీస్ చేస్తే అదే వస్తుంది అంది. సరిగ్గా నా మాట, నా గొంతుతో సహా. ఇరవై ఏడేళ్ళు ఈ మాట విని నా శిష్యులకి నన్ను కొట్టాలని ఎందుకు అనిపించలేదో నాకు తెలియదు.

పచ్చలైటు పడింది. వెనకవాడు హారన్ కొట్టకముందే కదిలాను, చూసిందా లేదా. ప్రాక్టీస్ చేశాను, చేయకేం, ఇంట్లో హాల్లోంచి వంటింట్లోకి, వంటింట్లోంచి హాల్లోకి, కాలు గాలిన పిల్లిలా, తొంభై మూడు, ఎనభై ఆరు, డెబ్భై తొమ్మిది, డెబ్భై రెండు, అరవై అయిదు, మా ఆవిడ కూరగాయలు తరుగుతూ తనలో తను నవ్వుకునేది. నెల తిరిగేసరికి ఆస్పత్రి వరండా చివరిదాకా ఎక్కడా ఆగకుండా రెండు దాకా దిగిపోయాను. ఆ అమ్మాయి చప్పట్లు కొట్టింది, కాగితం మీద మంచిగా రాసింది, ఆ కాగితం పట్టుకునే ఇవాళ ఈ కారెక్కాను. కానీ ఎవరికీ చెప్పని మాట ఒకటుంది. నేను లెక్క చేయడం లేదు. ఆ అంకెలు నాకు కంఠతా వచ్చేశాయి, చిన్నప్పటి ఎక్కంలా, నోరు పాడుతుంటే కాళ్ళు నడుస్తున్నాయి. ఏడుకి బదులు ఆరు తీయమని ఆ అమ్మాయి అడిగి ఉంటే రెండో పట్టీ మీదే నిలబడిపోయేవాణ్ణి. అడగలేదు. నేను నోరు మెదపలేదు. ఇన్నేళ్ళు పిల్లలకి చెప్పిందంతా కూడా ఇదేనేమో, అలవాటు పడితే రెండు పనులు చేయగలుగుతారని చెప్పాను, అబద్ధం, చేసేది ఎప్పుడూ ఒకటే పని, రెండోదాన్ని ఒంటికి అప్పజెప్పి మనం అందులోంచి బయటికి పోతాం. ఒళ్ళు ఎన్నడూ మాట తప్పలేదు గనక ఎవరికీ పట్టుబడలేదు.

ఇక్కడ ముప్పై దాటకూడదు. ఇరవై ఎనిమిది. బడి గోడ, రొట్టెల దుకాణం, చెప్పులు కుట్టే కొట్టు, కళ్ళద్దాల షాపు. మా ఆవిడ పని చేసే షాపు ఇలాగే ఉంటుంది, కిటికీ నిండా తలకాయలు లేని కళ్ళద్దాలు. ముప్పై ఏళ్ళుగా సాయంత్రం వచ్చి, ఆ రోజు షాపులో ఏం జరిగిందో చెప్పేది, ఎవరు వచ్చారు, ఏ ఫ్రేము పెట్టుకుని అద్దంలో చూసుకుని ఎలా మురిసిపోయారు, నేను అటు పేపరు తిరగేస్తూనో, రేపటి క్లాసులు రాసుకుంటూనో ఊఁ కొట్టేవాణ్ణి. ఊఁ కొట్టడంలో నన్ను మించినవాడు లేడు. ఎక్కడ ఊఁ అనాలో, ఎక్కడ అయ్యో అనాలో, ఎక్కడ మరి అని సాగదీయాలో గొంతు చూసుకునేది, నేను చూసుకోనక్కర్లేదు. ఒకరోజు, ఇరవై ఏళ్ళ కిందటి మాట, ఆవిడకి అనుమానం వచ్చి, ఇవాళ షాపుకి ఒక గుర్రం వచ్చిందండీ, దగ్గరి చూపుకి అద్దాలు కావాలంది అందట. నేను ఊఁ అన్నానట. నల్ల ఫ్రేమే కావాలని ఒకటే పట్టు అందట. మరి ఇచ్చావా అన్నానట. ఆవిడ లేచి వెళ్ళిపోయింది, ఆ తర్వాత చెల్లెలికి ఫోన్లో చెప్పి పొట్ట చెక్కలయ్యేలా నవ్వుతుంటే నాకు తెలిసింది. నేనూ నవ్వాను. అందులో నవ్వడానికి ఏముందని ఈ ఐదు నెలల్లో చాలాసార్లు అనుకున్నాను. ఎందుకంటే ఇప్పుడు నాకు ఊఁ కొట్టడం రాదు. ఇద్దరం కలిసి నడుస్తుంటే ఆవిడ ఏదైనా అనగానే నా కాళ్ళు ఆగిపోతాయి. వినాలంటే నిలబడాలి. మొదట్లో లేసు ఊడినట్టు వంగేవాణ్ణి, గోడ మీద కాగితాలు చదువుతున్నట్టు నటించేవాణ్ణి, ఒకసారి బాడుగకి ఇచ్చే గదుల ప్రకటన మొత్తం చదివాను. ఆవిడకి తెలిసిపోయింది. తెలిసిందని నాకు చెప్పలేదు, కానీ రోడ్డు మీద మాట్లాడటం మానేసింది. ఇంటికొచ్చి నేను కుర్చీలో కూర్చున్నాక చెబుతుంది. అదే నాకు నచ్చదు. నోట్లో మాట దాచుకుని నడుస్తున్న మనిషి పక్కన నడవడం ఎంత బరువో.

కూడలి వస్తోంది, మూడో దారిలో బయటికి రండి అంది. ఇదే కూడలి, నా కూడలి, నేను పిల్లల్ని తెచ్చి పొద్దున ఏం తిన్నారని అడిగిన చోటు. వేగం తగ్గించాను, రెండో గేరు, కూడలి చుట్టూ తిరుగుతున్న బస్సుకి దారిచ్చాను, సందు దొరికింది, దూరాను, ఒకటో దారి దాటింది, రెండోది దాటింది, ఇండికేటరు, అద్దం, బయటికి. వెన్నలా వచ్చింది. లోపల ఎవడో తొడ కొట్టాడు. ఐదు నెలలు బండి ముట్టుకోనివాడు ఇలా నడుపుతాడా, చూడమ్మా నత్తమ్మా, రాసుకో. ఆవిడ పెన్ను కాగితం మీద పెట్టి, గొంతు మార్చి, ఈసారి ఆఫీసరు గొంతు కాదు, కొంచెం నవ్వు కలిసిన గొంతుతో అడిగింది.

"పొద్దున ఏం తిన్నారు మాస్టారూ?"

ఆ ఒక్క మాటకి కళ్ళు చెమర్చాయి, ఏం చేయను, రోడ్డు కనబడుతోంది గనక ఫరవాలేదు. గుర్తుంచుకుంది. ఇది పరీక్షలో లేదు, పరీక్షలో ఉన్నవన్నీ అయిపోయాయి, బహుశా కాగితం మీద అన్నీ బాగానే ఉన్నాయి, అందుకే అడిగింది, నేను ఆవిడని పంపించినట్టే నన్నూ పంపిస్తోంది. రెండు రొట్టె ముక్కలు, ఒక గుడ్డు అన్నాను, గుడ్డు సరిగ్గా ఉడకలేదు, మా ఆవిడ కంగారులో తీసేసింది, అయినా తిన్నాను, తినకపోతే ఆవిడ ఇంకా కంగారు పడుతుందని, అరటిపండు మాత్రం జేబులో వేసుకున్నాను, పరీక్ష అయ్యాక తిందామని. మాట ఎక్కడా తడబడలేదు. బండీ తడబడలేదు. ఇళ్ళ మధ్య రోడ్డు, బళ్ళు పలచగా ఉన్నాయి, చాలా దూరం నుంచే అన్నీ కనబడుతున్నాయి, మూడంతస్తుల ఇంటి ముందు సామాన్లు దింపే వ్యాను, దాని వెనక తలుపులు తెరిచి ఉన్నాయి, ఇద్దరు మనుషులు అద్దం ఉన్న బీరువా ఒకటి చెరో కొసా పట్టుకుని మోస్తున్నారు. నీలం చేతి తొడుగులు. ఇటువైపు ఉన్నవాడు వెనక్కి నడుస్తున్నాడు. దీపస్తంభం అడ్డం ఉంది, అందువల్ల బీరువా తిప్పాలి, తిప్పాలంటే వాడు రెండడుగులు రోడ్డు మీదికి రావాలి, వాడికి ఆ సంగతి ఇంకా తెలియదు, నాకు తెలుసు. నేను అందరికంటే ముందే చూస్తాను, అదే నా వృత్తి. వాడి మడమ ఫుట్‌పాత్ అంచు దిగింది. నేను క్లాసులో అనే గొంతుతో, మెత్తగా, కంగారు పెట్టకుండా, అరటిపండు అన్న మాట వెనకే అన్నాను.

"బ్రేక్."

ఒకటి అని లోపల లెక్కపెట్టాను. ఎప్పుడూ లెక్కపెడతాను. బ్రేక్ అన్న వెంటనే పక్క సీట్లోంచి మనం నొక్కేస్తే నేర్చుకునేవాడి కాలికి ఎన్నటికీ రాదు, దానికి ఒక్క అంకె వ్యవధి ఇవ్వాలి, ఒకటి, వాడు నొక్కితే సరే, నొక్కకపోతే మన కాలు పడాలి, ఆ ఒక్క అంకె కంటే ముందు నొక్కితే వాడికి పని రాదు, ఆ అంకె దాటితే మనుషులు మిగలరు, నా పనితనమంతా ఆ ఒక్క అంకెలో ఉంది, ఇరవై ఏడేళ్ళలో ఒక్కసారి కూడా తప్పలేదు, నా కాలు బ్రేకు మీద గాల్లో నిలబడి ఎదురుచూస్తోంది, నొక్కు, నొక్కవేం, ఈ బండి నడుపుతున్నవాడు ఎవడు, నొక్కడేం, బీరువా అద్దం రోడ్డు వైపు తిరిగింది, అందులో మా కారు వస్తోంది, స్టీరింగు వెనక ఒక ముసలాయన కూర్చుని ఉన్నాడు, ఆయన మొహం ఎంతో ప్రశాంతంగా ఉంది, ఆ ముసలాయన్ని నేను గుర్తుపట్టాను.

కారు ఆగింది. నేను ఆపలేదు. ఇంజను ఒక్క కుదుపు కుదిపి చచ్చిపోయింది. బీరువా మోసేవాడు వెనక్కి చూసి, కారు తన మోకాలికి మూరెడు దూరంలో ఉందని చూసి, చేతుల్లో బరువుంది గనక తిట్టడానికి కూడా వీల్లేక, మెల్లిగా పక్కకి జరిగి బీరువా తిప్పుకుని ఇంట్లోకి వెళ్ళిపోయాడు. నా కాలు ఇంకా గాల్లోనే ఉంది, దాన్ని కిందికి దించడానికి చాలాసేపు పట్టింది. పక్కన నత్తమ్మ రెండు చేతులూ డాష్‌బోర్డు మీద ఆనించి ఉంది, కాగితం కింద పడిపోయింది. తీసి ఇద్దామని వంగబోయాను, బెల్టు పట్టేసింది.

ఆవిడే ముందు మాట్లాడింది, తొందర తొందరగా, తప్పంతా తనదేనని, పరీక్షలో ఉన్న మనిషిని మాటల్లో పెట్టకూడదని నియమం ఉందని, తను పెట్టిందని, కాబట్టి ఈ రోడ్డు లెక్కలోకి రాదని, తన కాలు తొందరపడి ఉంటుందని, మీరెలాగూ నొక్కేవారే గదా మాస్టారూ అని. కాగితం తీసుకుంది. నేను ఊఁ అంటే చాలు. ఊఁ కొట్టడం నాకు కొత్తా, ఒక్క ఊఁ, లైసెన్సు నా జేబులో, బోర్డు నా కారు మీద, సోమవారం పొద్దున ఎనిమిదింటికి ఎవరో ఒక కొత్త పిల్ల స్టీరింగుని రెండు చేతులా ఉడుంపట్టు పట్టుకుని కూర్చుంటుంది, దాని పక్కన నేను. ఎంత తియ్యగా ఉందో ఆ ఆలోచన. నోరు తెరిచాను కూడా. నేను బ్రేక్ అన్నది ఆవిడ విన్నది, నాలో నేను అనుకుని ఉంటానని ఆవిడ అనుకుంటోంది, అసలు ఏం జరిగిందో ఈ భూమ్మీద నాకు తప్ప ఎవరికీ తెలియదు. చూడలేదా అంటే చూశాను. మాటల్లో పడ్డానా అంటే పడలేదు. అదే మళ్ళీ జరుగుతుంది, ఇంకా బాగా జరుగుతుంది, నా ఒళ్ళు అంత బాగా నేర్చుకుంది మరి, మోకాలికి మూరెడు దూరంలో కాదు, ఇంకెక్కడో ఆగుతుంది, పక్క సీట్లో ఎవరూ లేని రోజున.

"లేదమ్మా. నేను చూశాను. చూసి, నీకు చెప్పాను బ్రేక్ అని. నువ్వు నొక్కుతావని ఆగాను."

ఆవిడకి వెంటనే అర్థం కాలేదు. ఆ తర్వాత అయింది, ఆ అంకె సంగతి ఆవిడకి తెలుసు, నలభై ఒక్క క్లాసులు ఆ అంకెలోనే బతికింది. కిటికీలోంచి ఆ వ్యాను వైపు చూసింది. ఆ తర్వాత చెప్పింది, రోడ్డు వైపు తను చూడనే లేదట, నా అరటిపండు మాట వింటూ కాగితం మీద అన్నిటికీ ఎదురుగా టిక్కులు పెడుతోందట, మనిషిని గానీ బీరువాని గానీ చూడలేదట.

"మీరు బ్రేక్ అనగానే నా కాలు దానంతటది పోయింది మాస్టారూ."

నాకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది, రెండూ ఒకేసారి వచ్చాయి, ఈ అవిటి తలకాయలో ఆ రెంటికీ చోటెలా దొరికిందో. నువ్వు సరిగ్గా ఒకటి దగ్గర నొక్కావు అన్నాను. ముందూ కాదు, వెనకా కాదు. బాగుంది అన్నాను. పన్నెండేళ్ళు ఆలస్యంగా అన్నాను. రాయమ్మా, ఉన్నదున్నట్టు రాయి అన్నాను. ఆవిడ రాసింది, టిక్కులన్నీ కొట్టేసి కింద ఒక గీత, గీత పక్కన రెండు మాటలు. నేను సంతకం పెట్టాను. సంతకం మాత్రం చెయ్యి చక్కగా పెట్టింది, దానికి ఇప్పటికీ నేనక్కర్లేదు.

తప్పినవాళ్ళని ఆఫీసరే నడిపి తీసుకెళ్ళాలని నియమం. దిగి సీట్లు మారాం. పక్క సీట్లో కూర్చున్నాను, ఒళ్ళంతా అబ్బా అంది, ఇంటికొచ్చినట్టు. కాళ్ళ దగ్గర రెండో బ్రేకు. కుడికాలు దాని వైపు జరిగింది, కాళ్ళు రెండూ వెనక్కి లాక్కుని, పాదాలు సీటు కిందికి దోపి, మడమలు ఒకదాని మీద ఒకటి వేసి కూర్చున్నాను. ఆవిడ కూడలిలో ఎంత బాగా తిప్పింది, అద్దం మర్చిపోలేదు, ఒక్కచోట కూడా నేను బ్రేకు కోసం తడుముకునే పని పెట్టలేదు. ఆఫీసు ముందు దిగేటప్పుడు జేబులో అరటిపండు తగిలింది, ఆవిడకిచ్చాను. ఇవాళ కూడా పొద్దున తినలేదు గదా నువ్వు అన్నాను. తినలేదు మాస్టారూ అంది.

మా ఆవిడ లేచి నిలబడింది. నేను పక్క సీట్లోంచి దిగడం చూసింది, ఇంక అడగడానికేం లేదు. ఫ్లాస్కు సంచిలో పెట్టుకుంది, పదండి అంది. నడిచాం. బస్సు స్టాపు రెండు వందల అడుగులుంటుంది. ఆవిడ ఏమీ అడగలేదు, మాట నోట్లో పెట్టుకుని నడుస్తోంది, నా కాళ్ళు ఆగకూడదని. నేను కాళ్ళ వైపు చూసుకుంటూ నడిచాను, తొంభై మూడు, ఎనభై ఆరు, చక్కగా కదులుతున్నాయి, ఎంత దూరమైనా ఇలాగే కదులుతాయి. డెబ్భై తొమ్మిది దగ్గర కావాలనే ఆపాను. లేసు కోసం వంగలేదు, గోడ మీద కాగితాలు చదవలేదు. ఫుట్‌పాత్ మధ్యలో ఊరికే నిలబడ్డాను, వెనక వచ్చేవాళ్ళు విసుక్కుంటూ తప్పుకుని పోతున్నారు. ఆవిడ నాలుగడుగులు ముందుకెళ్ళి తిరిగి చూసింది, కంగారు పడింది, కళ్ళు తిరుగుతున్నాయా అంది.

"కాదోయ్. ఆ గుర్రం చివరికి అద్దాలు తీసుకుందా?"

ఆవిడ ఆ నాలుగడుగులూ వెనక్కి వచ్చింది. ఇరవై ఏళ్ళకి అడిగారా అంది. సంచి కింద పెట్టింది, కొంగుతో ఒకసారి మొహం తుడుచుకుంది. నల్ల ఫ్రేము దాని మొహానికి నప్పలేదని, అద్దంలో చూసుకుని అదే ఒప్పుకుందని, అప్పుడు గోధుమ రంగు తీసి పెట్టానని చెప్పడం మొదలుపెట్టింది. నేను అక్కడే నిలబడి విన్నాను. రెండు బస్సులు వెళ్ళిపోయాయి.